చిన్న ఫ్యాక్టరీ సోలార్‌కు మారాలంటే: గాలి లీకుల నుంచి ప్లాంటు అప్పగింత దాకా

సోలార్ పెట్టిద్దామనుకునే ఫ్యాక్టరీ యజమాని మొదట అడిగే ప్రశ్న, ఎన్ని కిలోవాట్లు పెట్టాలి అని. దానికి జవాబు మూడో అడుగులో గానీ దొరకదు. అంతకు ముందు రెండు పనులున్నాయి. గంటగంటకూ కరెంటు ఎంత వాడుతున్నారో తెలుసుకోవాలి. అందులో వృథా ఎంతో తేల్చి ఆపాలి. ఈ రెండూ వదిలేసి ప్యానెళ్లు బిగిస్తే, కారిపోతున్న గాలికీ ఊరికే తిరుగుతున్న ఫ్యాన్లకూ కలిపి ప్లాంటు కొన్నట్టవుతుంది.

ఈ మార్గదర్శి 50 నుంచి 500 కిలోవాట్ల లోడు, సొంత పైకప్పు, ఎక్కువగా పగటి షిఫ్టు ఉన్న ఫ్యాక్టరీల కోసం. అనుమతులు, మిగులు కరెంటుకు ఇచ్చే విలువ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ విద్యుత్ సంస్థ నియమాలను మొదటి వారంలోనే రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఇక్కడ యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్.

## 1. ఏడాది బిల్లులు, గంటగంట రీడింగులు

12 నెలల బిల్లులు ఒకచోట పెట్టండి. ప్రతి నెలకూ నాలుగు అంకెలు రాసుకోండి: వాడిన యూనిట్లు, గరిష్ఠ డిమాండ్, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనిచేసే వాటా), ఆ నెల ఉత్పత్తి. యూనిట్లను ఉత్పత్తితో భాగిస్తే టన్నుకో, ముక్కకో ఎంత కరెంటు పడుతోందో తెలుస్తుంది. రేపు ఏం పొదుపు చేశామన్నది తేలేది ఈ అంకెతోనే. మొత్తం బిల్లు తగ్గిందని చూపిస్తే చాలదు, ఆర్డర్లు తగ్గినా బిల్లు తగ్గుతుంది.

బిల్లు నెల మొత్తమే చెబుతుంది. సోలార్ లెక్కకు కావాల్సింది ఏ గంటలో ఎంత అన్నది. మీ మీటరు 15 లేదా 30 నిమిషాల లోడు వివరాలు దాచుకునే రకమైతే విద్యుత్ సంస్థను అడిగి ఆ ఫైలు తెచ్చుకోండి. లేకపోతే మెయిన్ ప్యానెల్లో సీటీలు (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) బిగించి, రీడింగులు దాచుకునే లాగర్‌ను కనీసం రెండు వారాలు ఉంచండి. ఆ రెండు వారాల్లో ఒక సెలవు దినం, ఒక పూర్తి ఉత్పత్తి రోజు, ఒక సరుకు నుంచి ఇంకోదానికి యంత్రాలు మార్చే చేంజోవర్ రోజు ఉండేలా చూసుకోండి.

గ్రాఫులో ముందు చూడాల్సినవి:

- సెలవు రోజు లోడు ఎంత? ఎవరూ లేనప్పుడు పని రోజు లోడులో పదో వంతు కంటే ఎక్కువ నడుస్తుంటే, ఆపడం మరిచిన యంత్రాలున్నాయి.
- మధ్యాహ్నం విరామంలో లోడు ఎంతకు పడిపోతోంది?
- ఉదయం షిఫ్టు మొదలయ్యే పావుగంటలో డిమాండ్ ఒక్కసారిగా ఎగబాకుతోందా? అన్ని మోటార్లూ ఒకేసారి స్టార్ట్ చేస్తే అలాగే ఉంటుంది. అయిదేసి నిమిషాల తేడాతో స్టార్ట్ చేయిస్తే ఖర్చు లేకుండా తగ్గుతుంది.

## 2. ముందు వృథా ఆపండి

### 2.1 కంప్రెసర్ గాలి

చాలా ఫ్యాక్టరీల్లో అన్నిటికంటే పెద్ద వృథా ఇదే. నిర్వహణ సరిగా లేని చోట కంప్రెసర్ తయారుచేసే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. దాన్ని కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు, గడియారం చాలు.

1. షిఫ్టు అయిపోయాక గాలి వాడే యంత్రాలన్నీ ఆపండి. లైన్ల వాల్వులు మాత్రం తెరిచే ఉంచండి.
2. కంప్రెసర్‌ను మామూలు ఒత్తిడి దగ్గర నడవనివ్వండి.
3. అది లోడు మీద (గాలి నింపుతూ) ఎంతసేపు ఉంటోంది, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఎంతసేపు ఉంటోంది అని కనీసం అయిదు సార్లు రాసుకుని సగటు తీయండి.
4. లోడు సమయాన్ని, లోడు, అన్‌లోడ్ సమయాల మొత్తంతో భాగించి 100తో గుణించండి.

లోడు 2 నిమిషాలు, అన్‌లోడ్ 6 నిమిషాలు అయితే లీకు 25 శాతం. 10 శాతం లోపుకు తేవడం సాధ్యమే. ఈ లెక్క లోడు-అన్‌లోడ్ పద్ధతిలో నడిచే కంప్రెసర్లకే పనికొస్తుంది. వేగం మార్చుకునే రకానికి ఫ్లో మీటరు పెట్టాలి.

7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి కంప్రెసర్ మీద 3 నుంచి 4 కిలోవాట్ల భారం వేస్తుంది. 3 కిలోవాట్లే అనుకున్నా, ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 18,000 యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాదికి 1,400 యూనిట్లు ఇచ్చే చోట ఆ ఒక్క రంధ్రానికి కరెంటు సమకూర్చడానికే దాదాపు 13 కిలోవాట్ల సోలార్ కావాలి. ఆ రంధ్రాన్ని మూయడానికి ఒక ఫిట్టింగ్, కాస్త సీలింగ్ టేపు చాలు.

లీకులు ఎక్కువగా దొరికేది పైపు మధ్యలో కాదు, చివర్లలో. త్వరగా బిగించే కప్లింగులు, హోస్ క్లిప్పులు, ఎఫ్‌ఆర్‌ఎల్ (గాలిని వడగట్టి, ఒత్తిడి సర్ది, నూనె కలిపే యూనిట్) గిన్నె కింద డ్రెయిన్, సిలిండర్ రాడ్ సీళ్లు, ఎప్పుడూ కొద్దిగా తెరిచి ఉంచే నీటి డ్రెయిన్ వాల్వు మొదట చూడండి. సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్న చోట ట్యాగు కట్టండి. పెద్ద షెడ్డుకు అల్ట్రాసోనిక్ డిటెక్టర్ అద్దెకు తెచ్చుకుంటే ఒక్క రోజులో పనైపోతుంది. ట్యాగు కట్టి వదిలేస్తే లాభం లేదు. ప్రతి ట్యాగు మీద ఎవరు, ఎప్పటిలోగా బాగుచేయాలో రాయండి.

లీకులు మూసిన తర్వాతే ఒత్తిడి తగ్గించండి. ఒక్క బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటులో సుమారు 7 శాతం మిగులుతుంది. ఒకేసారి తగ్గించవద్దు. వారానికి 0.2 బార్ చొప్పున తగ్గిస్తూ, దూరంలో ఉన్న యంత్రం ఎక్కడ ఇబ్బంది పడుతోందో చూసుకుంటూ వెళ్లండి. ఒకే ఒక్క యంత్రం కోసం మొత్తం లైనును 8 బార్‌లో ఉంచుతున్నారా? ఆ యంత్రానికి విడిగా చిన్న బూస్టర్ పెట్టడం మేలు. కంప్రెసర్ పీల్చే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే కరెంటు ఒక శాతం దాకా పెరుగుతుంది, అందుకే వేడి గాలి బయటికి పోయే డక్టు తప్పనిసరి.

### 2.2 ఫ్యాన్లు, పంపులు

ఫ్యాన్ వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే అది తీసుకునే కరెంటు సగానికి పడిపోతుంది (0.8 × 0.8 × 0.8 = 0.51). డ్యాంపర్ సగం మూసి నడుపుతున్న ఫ్యాను, వాల్వు సగం మూసి నడుపుతున్న పంపు కనిపిస్తే అక్కడ మోటారు వేగం మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) వేయండి. నీటిని ఎత్తుకు తోడే పంపులో పొదుపు ఇంతగా రాదు, ఎందుకంటే ఆ ఎత్తు వేగంతో మారదు. ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరిగే మోటారుకు వీఎఫ్‌డీ పెడితే డ్రైవ్ తినే రెండు, మూడు శాతం అదనపు నష్టం తప్ప ఏమీ మిగలదు.

మోటారు కాలిపోయినప్పుడు మళ్లీ చుట్టించే ముందు ఆగి లెక్క చూడండి. రోజంతా తిరిగే మోటారైతే తక్కువ కరెంటుతో నడిచే ఐఈ3 లేదా ఐఈ4 తరగతి కొత్త మోటారు కొనడం తరచూ లాభమే. కొత్తది కాస్త ఎక్కువ వేగంతో తిరుగుతుంది కాబట్టి ఫ్యాను పుల్లీ సైజు సరిచూసుకోవాలి. ఈ చిన్న విషయం మరిచి, కొత్త మోటారు పెట్టాక కరెంటు పెరిగిందని నిరాశపడేవారున్నారు.

### 2.3 బాయిలర్ ఉన్నవారికి

సోలార్ ప్యానెల్ బాయిలర్ ఇంధనాన్ని తగ్గించదు. దాని సంగతి విడిగా చూడాలి. ఫీడ్ నీటి వేడి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు ఒక శాతం తగ్గుతుంది. పొగగొట్టం వేడి 22 డిగ్రీలు తగ్గినా అంతే. కండెన్సేట్ (ఆవిరి చల్లారి మారిన వేడి నీళ్లు) వెనక్కి తేవడం, ఆ నీటిని మాత్రమే బయటికి వదిలే స్టీమ్ ట్రాప్‌లు పాడైతే మార్చడం, ఫ్లాంజులకూ వాల్వులకూ తొడుగులు వేయడం ముందు చేయండి. 80 డిగ్రీల లోపు వేడి నీళ్లే చాలనుకునే చోట హీట్ పంపు ఆలోచించవచ్చు. అనుకూలమైన ఉష్ణోగ్రతల దగ్గర అది ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, పగటిపూట సోలార్‌తో నడుస్తుంది.

## 3. ప్లాంటు సైజు తేల్చడం

వృథా ఆపిన తర్వాత లోడు మళ్లీ రెండు వారాలు రికార్డు చేయండి. సైజు ఈ కొత్త గ్రాఫు మీదే వేయాలి.

యూరోపియన్ కమిషన్ ఉచితంగా నడిపే పీవీజీఐఎస్ అనే సోలార్ లెక్కల వెబ్‌సైటులో మీ స్థలం గుర్తించి, ప్యానెళ్ల వాలు, దిశ ఇస్తే ఏడాదిలో గంటగంటకూ వచ్చే ఉత్పత్తి ఫైలుగా దొరుకుతుంది. అది అందని ప్రాంతాలకు గ్లోబల్ సోలార్ అట్లాస్ నుంచి కనీసం నెలవారీ అంకెలు తీసుకోవచ్చు.

స్ప్రెడ్‌షీట్‌లో 8,760 వరుసలు వేయండి. ఒక నిలువు వరుసలో లోడు, పక్కన సోలార్, మూడోదాంట్లో ఆ రెండింటిలో చిన్నది. మూడో వరుస మొత్తమే మీరు నిజంగా వాడుకునే సోలార్. గంటల ఫైలు 2 గడియారాల గందరగోళం తెస్తుంది: పీవీజీఐఎస్ సమయం ప్రపంచ ప్రామాణిక సమయంలో (యూటీసీ) ఉంటుంది, మీ లోడు స్థానిక సమయంలో. సర్దకుండా కలిపితే లెక్క మొత్తం తప్పుతుంది. 40, 60, 80, 100 కిలోవాట్లకు ఇలా విడివిడిగా చేస్తే ఎక్కడినుంచి మిగులు పెరుగుతోందో కళ్లకు కడుతుంది.

రెండు గంటలు జాగ్రత్తగా చూడండి. ఒకటి మధ్యాహ్న విరామం. లోడు, ఉదాహరణకు, 90 కిలోవాట్ల నుంచి 35కు పడిపోయేది సరిగ్గా సోలార్ గరిష్ఠంగా ఉన్నప్పుడే. విరామాన్ని రెండు జట్లుగా ఇవ్వడం, ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీల చార్జింగు, నీళ్ల ట్యాంకు నింపడం, చిల్లర్ వాడకం ఆ గంటకు మార్చడం వల్ల ఆ గుంట పూడుతుంది. రెండోది వారాంతపు సెలవు. మిగులుకు విలువ రాని చోట వారంలో ఒక రోజు సెలవంటే ఏడో వంతు, అంటే 14 శాతం ఉత్పత్తి పోయినట్టే. విక్రేతల కొటేషన్లలో ఇది కనపడదు. వాళ్లు ఏడాది మొత్తం ఉత్పత్తిని మీ యూనిట్ ధరతో గుణించి చూపిస్తారు, అది కాకిలెక్క.

మిగులుకు విలువ లేకపోతే ఉత్పత్తిలో 90 శాతమైనా సొంతంగా వాడుకోగలిగే సైజు దగ్గర ఆగమని మా సలహా. మిగులుకు మంచి విలువ ఉంటే పైకప్పు, విద్యుత్ సంస్థ అనుమతి ఎంతవరకైతే అంతవరకు వెళ్లవచ్చు.

## 4. పైకప్పు

ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది. రేకు ఇంకా పదేళ్లే ఉంటుందంటే మధ్యలో మొత్తం విప్పి మళ్లీ బిగించాలి. అలాంటి రేకులు ముందే మార్చండి. ఆస్బెస్టాస్ రేకుల మీద డ్రిల్లింగ్ అసలు వద్దు. దాన్ని అనుమతి ఉన్నవారితో తీయించి కొత్తవి వేయాలి.

- బరువు: 550 వాట్ల ప్యానెల్ దాదాపు 2.6 చదరపు మీటర్లు, 28 నుంచి 33 కిలోలు. ప్యానెళ్లను బిగించే లోహపు పట్టీలతో (రైళ్లు) కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు. శ్లాబు మీద కాంక్రీటు దిమ్మెలతో నిలబెడితే ఇది చాలా పెరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు పర్లిన్లు, ట్రస్సులు చూసి లెక్కగట్టి సంతకం చేయాలి.
- గాలి: పైకప్పు అంచుల్లో, మూలల్లో గాలి లాగే బలం ఎక్కువ. అక్కడ ప్యానెళ్లు పెట్టకుండా వదలండి, లేదా బిగింపు పాయింట్లు పెంచండి.
- స్థలం: రేకుల వాలు మీద ఒక కిలోవాట్‌కు దారులతో కలిపి 6, 7 చదరపు మీటర్లు, సమతల శ్లాబు మీద వరుసల మధ్య ఖాళీతో 8 నుంచి 10.
- నీడ: పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, ఎగ్జాస్ట్ గొట్టం, పక్కింటి కట్టడం. ఏడాదిలో పగలు అతి చిన్నదైన రోజు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా నీడ ఎక్కడ పడుతుందో గీయించండి.
- వెలుతురు రేకులు: ఫైబర్ స్కైలైట్ మీద అడుగేస్తే మనిషి కిందికి పడిపోతాడు. పని మొదలవకముందే వాటి మీద గ్రిల్లు వేయించి, నడిచే దారి బిగించి, లైఫ్‌లైన్ కట్టించండి. ఈ ఒక్క అంశం మీద బేరం వద్దు.

రేకుకు స్క్రూ వేసేటప్పుడు నీళ్లు పారే పల్లంలో కాకుండా ఎత్తు మీద, రబ్బరు వాషర్‌తో వేయాలి. స్క్రూ మరీ బిగిస్తే వాషర్ నలిగి పగులుతుంది, వదులైతే నీళ్లు దిగుతాయి. నిలువు అతుకుల రేకైతే రంధ్రం లేకుండా క్లాంపుతోనే పట్టించవచ్చు.

## 5. డిజైన్‌లో మీరే సరిచూసుకోవాల్సిన లెక్కలు

డ్రాయింగులు కాంట్రాక్టరు ఇస్తాడు. వాటిలో మూడింటిని మీ ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని లెక్కగట్టండి.

స్ట్రింగ్ (ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరుస) వోల్టేజీ. చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర 50 వోల్ట్‌లు, డిగ్రీకి మార్పు 0.27 శాతం అనుకోండి. 19 ప్యానెళ్లకు 950 వోల్ట్‌లు, 1,000 వోల్ట్‌ల ఇన్వర్టర్‌కు (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చేది) సరిపోయినట్టే కనిపిస్తుంది. మీ చోట తెల్లవారుజామున 5 డిగ్రీలకు పడిపోతే ప్యానెల్‌కు 52.7 వోల్ట్‌లు, మొత్తం 1,001. ఇన్వర్టర్ పాడయ్యే ప్రమాదం ఉంది, వారంటీ కూడా వర్తించకపోవచ్చు. 18తో ఆగాలి. వేసవిలో ప్యానెల్ 70 డిగ్రీలకు వేడెక్కినప్పుడు వోల్టేజీ ఇన్వర్టర్ కనీస పరిధికి పైనే ఉంటుందా అన్నది కూడా చూడండి.

వరుసల మధ్య దూరం. ముందు వరుస వెనక అంచు, వెనక వరుస ముందు అంచు కంటే 0.5 మీటర్లు ఎత్తులో ఉండి సూర్యుడు 20 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ 1.37 మీటర్ల పొడవుంటుంది. నిలువుగా పెట్టిన ప్యానెల్ కింది అంచు మీద పడిన సన్నటి నీడ కూడా కనీసం ఆ ప్యానెల్ కింది సగం ఉత్పత్తిని తినేస్తుంది.

ఏసీ కేబుల్. ఇన్వర్టర్ నుంచి మెయిన్ ప్యానెల్ దాకా కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ పెరిగిపోతుంది. పరిమితి దాటగానే అది ట్రిప్ అవుతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. ఎక్కువ ఎండ ఉన్న రోజునే ఉత్పత్తి తక్కువగా కనిపిస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కేబుల్‌లో వోల్టేజీ తేడా ఒక శాతం దగ్గర ఉంచమనండి.

ఇన్వర్టర్ సామర్థ్యం కంటే ప్యానెళ్ల మొత్తం 10 నుంచి 30 శాతం ఎక్కువ ఉండటం మామూలే, తప్పేమీ కాదు.

## 6. పవర్ ఫ్యాక్టర్, జనరేటర్

సోలార్ పెట్టిన నెలలోనే పవర్ ఫ్యాక్టర్ జరిమానా వచ్చిందని చాలామంది కంగారుపడతారు. కారణం సులువే. లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.95 అంటే రియాక్టివ్ (మోటార్లు తీసుకునే, పనిగా మారని కరెంటు) 33 కేవీఏఆర్, అది దాని కొలత. సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి తీసుకునేది 30 కిలోవాట్లే. రియాక్టివ్ మాత్రం అదే 33. మీటరుకు కనపడే పవర్ ఫ్యాక్టర్ 0.67కు పడిపోతుంది. ఫ్యాక్టరీలో ఏదీ చెడిపోలేదు, మీటరు చూసే నిష్పత్తి మారింది.

దిద్దుబాటు ఇలా:

1. ఇన్వర్టర్లను కొంత రియాక్టివ్ ఇచ్చేలా సెట్ చేయించండి. అందుకు సరిపడా కేవీఏ ఇన్వర్టర్‌లో ఉండాలి కాబట్టి ఇది కొనేముందే చెప్పాలి.
2. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్‌ను తానే సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ సీటీ సోలార్ కలిసే చోటుకు గ్రిడ్ వైపున ఉందో లేదో చూడండి. కరెంటు వెనక్కి పారినా సరిగా లెక్కించే కంట్రోలర్ కావాలి. పాత కంట్రోలర్లు ఎగుమతి సమయంలో తికమకపడి కెపాసిటర్లను తీసేస్తాయి.
3. కెపాసిటర్లను ఒకేసారి పెద్దవి కాకుండా చిన్న చిన్న స్టెప్పుల్లో కలిసేలా పెట్టించండి.

జనరేటర్ ఉన్నచోట ఇంకో జాగ్రత్త. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఆగిపోవాలి, అది భద్రత. జనరేటర్ మొదలయ్యాక సోలార్ దానితో కలిసి నడవాలంటే, జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు ఉంచే కంట్రోలర్ తప్పనిసరి. 200 కిలోవాట్ల జనరేటర్‌కు అది 60 కిలోవాట్లు. ఫ్యాక్టరీ లోడు 120 అయితే ఆ సమయంలో సోలార్ 60కి మించకూడదు. కంట్రోలర్ లేకపోతే, ఒక పెద్ద యంత్రం ఆగిన క్షణంలో సోలార్ కరెంటు జనరేటర్‌లోకి ఎదురు పారి దాన్ని ట్రిప్ చేస్తుంది. తక్కువ లోడు మీద గంటల తరబడి తిరిగిన ఇంజను సరిగా మండక మసి పట్టి పాడవుతుంది.

## 7. కొటేషన్లు, ఒప్పందం

కనీసం ముగ్గురి దగ్గర అడగండి. ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి: లోడు ఫైలు, పైకప్పు కొలతలు, సింగిల్ లైన్ డ్రాయింగ్ (కరెంటు కనెక్షన్ల పటం). లేకపోతే ఒకరి 80 కిలోవాట్లనూ మరొకరి 100నూ పోల్చలేరు. వాట్‌కు ఎంత అన్నది ఒక్కటే చూసి ఎంచుకోవడం ప్రమాదం. రేటు తగ్గేది సాధారణంగా స్ట్రక్చర్ మందంలో, గాల్వనైజింగ్‌లో, కేబుల్ సైజులో.

ఒప్పందంలో ఉండాల్సినవి:

- అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల (ఐఈసీ) ప్రకారం ప్యానెళ్లకు ఐఈసీ 61215, 61730, ఇన్వర్టర్లకు ఐఈసీ 62109, 62116 ధ్రువపత్రాలు. సముద్ర తీరమైతే ఐఈసీ 61701 కూడా.
- ప్యానెళ్ల సీరియల్ నంబర్ల జాబితా, ఒక్కోదాని ఫ్లాష్ టెస్ట్ (ఫ్యాక్టరీలో కొలిచిన అసలు వాట్లు) రిపోర్టు.
- ఉత్పత్తి హామీ వాతావరణంతో సరిచూసే పద్ధతిలో, అంటే పెర్ఫార్మెన్స్ రేషియో ఆధారంగా (లెక్క 9వ భాగంలో ఉంది).
- పైకప్పు కారితే బాధ్యత ఎవరిది, ఎన్నేళ్లు.
- చివరి చెల్లింపు, కనీసం 10 శాతం, పరీక్షలన్నీ నెగ్గి 30 రోజులు నడిచాకే.
- విరిగిన, పాతబడిన ప్యానెళ్లను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే ఏర్పాటు.

పెట్టుబడి మీరు పెట్టకుండా ఇంకొకరు ప్లాంటు పెట్టి యూనిట్ లెక్కన అమ్మే ఒప్పందమైతే నాలుగు నిబంధనలు చదవనిదే సంతకం వద్దు: ధర ఏటా ఎంత పెరుగుతుంది, మీరు వాడకపోయినా కనీసం ఎంతకు చెల్లించాలి, మధ్యలో కొనుక్కోవాలంటే ఏ ఏడాదికి ఎంత, పునరుత్పాదక సర్టిఫికెట్లు ఎవరివి. పగటి షిఫ్టు తగ్గించే ఆలోచనో, స్థలం మార్చే ఆలోచనో ఉంటే రెండో నిబంధన తడిసి మోపెడవుతుంది.

## 8. బిగింపు రోజుల్లో కళ్లు ఎక్కడ ఉంచాలి

- క్లాంపులు ప్యానెల్ మాన్యువల్‌లో గుర్తించిన జోన్‌లోనే పడాలి. టార్క్ రెంచ్‌తో బిగించి ప్రతి బోల్టు మీద పెయింటు గీత పెట్టించండి. ఏడాది తర్వాత గీత జరిగితే వదులైనట్టు.
- ప్యానెళ్ల కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లలో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే తయారీదారువి కావాలి. చూడ్డానికి సరిపోయినా వేర్వేరు కంపెనీలవి కలిపితే లోపలి స్పర్శ సరిగా ఉండక వేడెక్కి కాలుతాయి. పైకప్పు మంటలకు ఇది తెలిసిన కారణం.
- క్రింపింగ్ కనెక్టర్‌కు సరిపోయే డై ఉన్న టూల్‌తోనే. కట్టింగ్ ప్లయర్‌తో నొక్కడం కనిపిస్తే అక్కడే ఆపించండి.
- కనెక్టర్లు రేకు మీద ఆనకుండా, నీళ్లు నిలిచే చోట లేకుండా రైలుకు కట్టించండి. కట్టే టైలు ఎండకు తట్టుకునే రకం కావాలి.
- ప్లస్, మైనస్ కేబుళ్లు పక్కపక్కనే వెళ్లాలి. దూరంగా పెద్ద చుట్టులా వేస్తే పిడుగు పడినప్పుడు అందులో వోల్టేజీ పుడుతుంది.
- లోడు ఉండగా డీసీ కనెక్టర్ లాగకూడదు. ఏసీ ఆర్క్ (కనెక్షన్ విడిపోయినప్పుడు వచ్చే మెరుపు) ఆరినట్టు డీసీ ఆర్క్ దానంతటది ఆరదు.
- ప్యానెళ్ల మీద నడవడం, కూర్చోవడం నిషేధం. గాజు పగలకపోయినా సెల్‌లో కనపడని పగుళ్లు వస్తాయి.

## 9. పరీక్షలు, అప్పగింత

ఐఈసీ 62446-1 ప్రకారం పరీక్షలు చేసి రిపోర్టు ఇవ్వమనండి. ప్రతి స్ట్రింగ్‌కూ వరుస ఇది:

1. ఎర్తింగ్ కంటిన్యుటీ: ఫ్రేములు, రైళ్లు, ఇన్వర్టర్ బాడీ.
2. పోలారిటీ.
3. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ. ఒకే సైజు స్ట్రింగుల మధ్య తేడా అయిదు శాతం దాటితే ఒక ప్యానెల్ తప్పిపోయిందో, డయోడ్ పోయిందో వెతకాలి.
4. షార్ట్ సర్క్యూట్ కరెంటు.
5. ఇన్సులేషన్ రెసిస్టెన్స్: 500 వోల్ట్‌లకు పైబడిన స్ట్రింగులకు 1,000 వోల్ట్‌ల మెగ్గర్‌తో, కనీసం 1 మెగా ఓమ్.
6. గ్రిడ్ తీసేసినప్పుడు ఇన్వర్టర్ ఆగుతోందా, తిరిగి ఇచ్చాక దానంతట అదే వస్తోందా.

ఎండ చదరపు మీటరుకు 600 వాట్‌లకు పైన ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో ప్యానెళ్లు, కనెక్టర్లు, ఏసీ ప్యానెల్ లగ్గులు ఒకసారి చూపించమనండి. వదులైన లగ్గు ఇక్కడే పట్టుబడుతుంది.

పెర్ఫార్మెన్స్ రేషియో లెక్క: 100 కిలోవాట్ల ప్లాంటు, నెలలో ప్యానెళ్ల మీద పడిన ఎండ చదరపు మీటరుకు 150 యూనిట్లు అయితే ఆదర్శ ఉత్పత్తి 15,000. మీకు 12,000 వచ్చాయంటే 80 శాతం. 75 నుంచి 85 మధ్య ఉంటే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు.

అప్పగింతలో బిగించినది బిగించినట్టు చూపే డ్రాయింగులు, స్ట్రింగ్ మ్యాప్, పాస్‌వర్డులు, వారంటీ పత్రాలు మీ పేరు మీద తీసుకోండి. బీమా సంస్థకూ, అగ్నిమాపక శాఖకూ ప్లాంటు సంగతి తెలియజేయండి. మెయిన్ ఆపినా పగటిపూట ప్యానెళ్ల దగ్గర డీసీ వోల్టేజీ ఉంటుందని తెలిపే బోర్డు పెట్టాలి.

## 10. నడిపేటప్పుడు వచ్చే తేడాలు

కడగడం తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. వేడి గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగలవచ్చు. ఉప్పు నీళ్లు మరకలు కడతాయి, ఉప్పదనం లేని నీళ్లు, మెత్తని బ్రష్ వాడండి. ఎన్నాళ్లకోసారి అన్నది దుమ్ము చెబుతుంది. ఒక స్ట్రింగ్‌ను కడిగి, పక్క స్ట్రింగ్‌ను వదిలి రెండింటి తేడా చూడండి. 5 శాతం దాటిన రోజున అన్నీ కడగండి.

- ఒకే స్ట్రింగ్ తక్కువ ఇస్తోంది: ఫ్యూజు, కనెక్టర్, కొత్తగా పెరిగిన చెట్టు నీడ.
- వాన పడ్డ ఉదయం ఇన్సులేషన్ తప్పు చూపించి ఎండెక్కాక సర్దుకుంటోంది: కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి లేదా కేబుల్ తొడుగు రైలు అంచుకు రాసుకుని చిరిగింది. ఆగిపోయిన సమస్యే కదా అని వదలొద్దు.
- ఎండాకాలం మధ్యాహ్నం ఉత్పత్తి ఇన్వర్టర్ సామర్థ్యం కంటే బాగా కిందే ఆగుతోంది: ఇన్వర్టర్ వేడెక్కి తగ్గించుకుంటోంది. ఫిల్టర్లు శుభ్రం చేసి, మీద నీడ వేయండి.
- ప్యానెళ్లన్నీ మెల్లగా తగ్గుతున్నాయి: దుమ్ము కాకపోతే పీఐడీ (ఎక్కువ వోల్టేజీ వల్ల ప్యానెల్ శక్తి మెల్లగా తగ్గే సమస్య) అనుమానించండి, నెగటివ్ చివర ఉన్న ప్యానెళ్లను కొలిపించండి.

ఇన్వర్టర్ జీవితం ప్యానెల్ కంటే తక్కువ. 10 నుంచి 15 ఏళ్ల మధ్య ఒకసారి మార్చాల్సి వస్తుందని లెక్కలో ముందే వేసుకోండి.

## 11. బ్యాటరీ, బయటి నుంచి కొనే కరెంటు

బ్యాటరీని ఎందుకు పెడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఇప్పుడు వద్దు. డిమాండ్ శిఖరాన్ని కోయడానికి, సాయంత్రం ఖరీదైన గంటలకు మిగులు దాచడానికి, కరెంటు కోతల్లో కీలక యంత్రాలు నడపడానికి కావాల్సిన సైజులు వేరువేరు. మొదటిదానికి కిలోవాట్లు ముఖ్యం, రెండోదానికి యూనిట్లు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం ఫ్యాక్టరీలకు నప్పుతుంది. దానికి విడి గది, గాలి, వేడి నియంత్రణ, అగ్ని జాగ్రత్తలు కావాలి.

పైకప్పు చాలకపోతే బయటి సోలార్, పవన ప్లాంటు నుంచి దీర్ఘకాల ఒప్పందంతో కొనవచ్చు. రాత్రి షిఫ్టు ఉన్నవారికి పవన విద్యుత్ కలిసిన ఒప్పందమే సరిపోతుంది. రవాణా చార్జీలు, నష్టాలు, సెస్సులు కలిపి మీ మీటరు దగ్గరికి చేరే ధర ఎంతో అడగండి.

## 12. ఎంత మారామో కొనుగోలుదారులకు చెప్పేటప్పుడు

కర్బన ఉద్గారాలను లెక్కగట్టే జీహెచ్‌జీ ప్రోటోకాల్ పద్ధతిలో కొన్న కరెంటు ఉద్గారాలు స్కోప్ 2, జనరేటర్ డీజిల్, బాయిలర్ ఇంధనం స్కోప్ 1. కరెంటును రెండు లెక్కల్లోనూ చూపాలి: స్థానిక గ్రిడ్ సగటు ప్రకారం ఒకటి, మీ ఒప్పందాలు, సర్టిఫికెట్ల ప్రకారం ఇంకొకటి.

పైకప్పు సోలార్‌కు వచ్చిన సర్టిఫికెట్లు అమ్మేసుకుంటే ఆ కరెంటును పునరుత్పాదకమని మీరు చెప్పుకోకూడదు, ఆ హక్కు కొన్నవారికి వెళ్లిపోయింది. ఎగుమతి చేసిన యూనిట్లు కూడా మీ వాడకంలో కలపకూడదు. ప్రతి నెలా అయిదు రీడింగులు ఒకే రోజున తీసి ఒకే షీటులో రాయండి: సోలార్ ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, డీజిల్ లీటర్లు, ఉత్పత్తి టన్నులు. ఆడిటర్ అడిగినా, కొనుగోలుదారు అడిగినా ఈ షీటే చూపించాలి, దాని వెనక మీటరు ఫొటోలు ఉండాలి.